'నోప్' చివర ఆ 'ప్' ఎక్కడిది?

హన్మకొండ బాపు | రాత్రి 9:12

ఇంట్లో చిన్న పంచాయితీ నడుస్తోంది. మా బిడ్డ తొమ్మిదో తరగతి. ఏది అడిగినా "నోప్" అంటుంది. అన్నం పెట్టాలా? నోప్. హోంవర్క్ అయిందా? నోప్. మా అమ్మకు ఇది అస్సలు నచ్చట్లేదు. "కాదంటే కాదను, లేదంటే లేదను, ఆ మూతి బిగించుడేందే" అని నిన్న గట్టిగానే అన్నది. బిడ్డ అలిగి గదిలోకి పోయి తలుపేసుకుంది.

నాకు అమ్మ అన్న ఆ "మూతి బిగించుడు" పట్టుకుంది. నిజమే, నోప్ అన్నప్పుడు పెదవులు మూసుకుంటాయి. నో అన్నప్పుడు తెరిచే ఉంటాయి. మేము బడిలో చదివింది నో ఒక్కటే. ఈ 'ప్' ఎక్కడి నుంచి వచ్చి చేరింది? నెట్‌లో ఒకాయన నో, హోప్ రెండూ కలిసి నోప్ అయిందని, అంటే ఆశ లేదని అర్థమని రాశాడు. నమ్మబుద్ధి కావట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

జనగాం పోరడు | రాత్రి 9:20

నో హోప్ కరెక్టే అన్నా. మా ట్యూషన్ సార్ కూడా అదే చెప్పాడు.

పాతపుస్తకం | రాత్రి 9:41

సార్‌కు నమస్కారం, కానీ అది మాట పుట్టిన చాలా రోజులకు ఎవరో కూర్చొని అల్లిన కథ. నోప్‌కు జోడీగా యెప్ ఉంది కదా, అందులో ఏ ఆశ ఉంది? వెల్ అనడానికి బదులు వెల్ప్ అనేవాళ్లూ ఉన్నారు. మూడింటికీ చివర అదే 'ప్'. మూడింటికీ కుదిరే కారణం వెతకాలి గానీ, ఒక్కదానికి ఒక కథ చెప్తే ఎలా?

నోప్ అమెరికా వాడుక మాట. 19వ శతాబ్దం చివర్లో అచ్చులోకి ఎక్కింది. యెప్ కూడా దాదాపు ఆ రోజుల్లోనే కనిపిస్తుంది. అచ్చులోకి రాకముందే జనం నోట్లో తిరిగి ఉంటుందనుకోండి, ఇలాంటి మాటలు ముందు వీధిలో పుట్టి తర్వాత పుస్తకంలోకి వస్తాయి.

ఇంకో తమాషా. అంతకు చాలా ముందే ఇంగ్లండు పల్లెల్లో నోప్ అనే మాట ఉంది. అది ఒక పిట్ట పేరు. బుల్‌ఫించ్ అని ఎర్ర రొమ్ము పిట్ట, దాన్ని అలా పిలిచేవాళ్లు. మీ అమ్మాయి అనే నోప్‌కూ ఆ పిట్టకూ ఏ చుట్టరికమూ లేదు. ఎవరైనా పిట్ట కథ తెస్తే అది కూడా నమ్మకండి.

భాషాపిచ్చి | రాత్రి 10:05

బాపు గారూ, మీ అమ్మగారు సగం జవాబు అప్పుడే చెప్పేశారు. మూతి బిగించుడే.

చిన్నప్పుడు వ్యాకరణంలో చదివాం కదా, ఉ, ఊ, ప, ఫ, బ, భ, మ ఓష్ఠ్యాలు, అంటే పెదవులతో పలికేవి. ఓ, ఔ కంఠోష్ఠ్యాలు. ఇంగ్లీషు వాళ్ల నో మనం పలికే 'నో' కాదు. వాళ్లది ఓతో మొదలై చివరికి ఉ వైపు జారుతుంది, 'నోఉ' అన్నట్టు. అద్దం ముందు నిలబడి మెల్లగా అనిచూడండి. చివరికి వచ్చేసరికి పెదవులు గుండ్రంగా ముడుచుకొని ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. ఇక చెప్పేది లేదని ఆ క్షణంలో టక్కున నోరు మూస్తే గాలి ఆగిపోతుంది. ఆ ఆగిన చప్పుడే 'ప్'. ఎవరూ కావాలని తెచ్చి తగిలించింది కాదు. మాట ముగించి నోరు మూసినప్పుడు పడిన ముద్ర అది. తర్వాత జనం దాన్నే అక్షరంగా రాసుకున్నారు.

మనవాళ్లకు హల్లుతో మాట ఆపే అలవాటు తక్కువ. బస్ బస్సయింది, కార్ కారయింది. మా నాన్న పలికితే ఇది కూడా నోపు అవుతుంది. మూసిన నోరు మళ్లీ తెరుచుకున్నట్టే, పని చెడినట్టే.

జనగాం పోరడు | రాత్రి 10:11

అయితే ఇది తెలుగు మాటే! నేను + ఓపను = నేనోపను. మధ్యలో నోప్ లేదూ? సంధి చేసి అమెరికాకు పంపింది మనమే.

పాతపుస్తకం | రాత్రి 10:13

పోరడా, నీ సంధికి నూటికి నూరు. చరిత్రకు సున్నా.

కాజీపేట జంక్షన్ | రాత్రి 10:30

భాషాపిచ్చి గారూ, ఒక అనుమానం. నోలో ఉ ఉంది, ఒప్పుకున్నా. మరి యెప్‌లో పెదవులు ఎక్కడ ముడుచుకున్నాయి? 'యె' అంటే నోరు పక్కలకు సాగుతుంది కదా.

భాషాపిచ్చి | రాత్రి 10:48

మంచి చోట పట్టుకున్నారు. పెదవులు దగ్గరగా ఉంటే మూయడం తేలిక, అంతవరకే ఉ చేసే సాయం. మూయడం మాత్రం ఏ అచ్చు తర్వాతైనా జరగొచ్చు. మాట అయిపోయిందని నోరు మూస్తే చాలు. పైగా అవుననే మాట, కాదనే మాట ఎప్పుడూ జంటగా తిరుగుతాయి. ఒకదానికి తోక మొలిస్తే రెండోదానికీ మొలుస్తుంది. యెప్‌కు ఈ రెండు కారణాల్లో ఏది ఎక్కువ పనిచేసిందో నేను తూకం వేయలేను గానీ, రెండూ కలిసి పోయేవే.

పెద్దమ్మ 62 | రాత్రి 11:02

మీ చర్చ అంతా చదివాను. నిద్ర పట్టక. 'ప్' అమెరికాదంటున్నారు, మరి మనం "ప్చ్" అంటాం కదా? పొద్దున పాలవాడిని "వెన్న ఉందా" అంటే "ప్చ్" అన్నాడు. ఒక్క అక్షరం కూడా పలకలేదు, లేదని తెలిసిపోయింది. వాళ్లు 'ప్' చివర పెట్టుకుంటే మనం ముందే పెట్టుకున్నాం.

ఇంకో సంగతి. మా అమ్మమ్మ ఇంట్లో లేదు అనే మాటనే రానిచ్చేది కాదు. బియ్యం అయిపోతే "నిండుకున్నయి" అనాలి. ఉప్పు అయినా, పసుపు కుంకుమ అయినా అంతే, నిండుకుంది. ఒకసారి చిన్నదాన్నై "ఉప్పు లేదు" అని అరిస్తే నెత్తిన మొట్టికాయ. ఖాళీ డబ్బా చూపించి నిండుకుంది అనడం నాకు అప్పుడు నవ్వొచ్చేది. ఇప్పుడు నేనూ అదే అంటున్నా. మా కోడలు "అత్తమ్మా, నిండితే మళ్లీ ఎందుకు తెమ్మంటున్నరు" అంటది.

బాపూ, మీ అమ్మకు కోపం వచ్చింది ఆ 'ప్' వల్ల కాదేమో. కాదో, లేదో, వద్దో తేల్చకుండా మూడింటికీ ఒకటే మాట పడేస్తున్నదని కావచ్చు. అన్నం పెట్టాలా అంటే "అద్దు" అనాలి. హోంవర్క్ అయిందా అంటే "కాలేదు" అనాలి. రెండింటికీ నోప్ అంటే ముసలిదానికి ఏమర్థమైతది?

హన్మకొండ బాపు | మర్నాడు ఉదయం 7:15

పెద్దమ్మా, నేను ఆ వైపు ఆలోచించనేలేదు. మా అమ్మ కూడా "అద్దు" అనే అంటుంది, కరీంనగర్ ఆడబిడ్డ.

పాతపుస్తకం గారూ, తోక సంగతి తెలిసింది. అసలు నో ఎక్కడిది? మన 'న'కూ దానికీ ఏమైనా సంబంధం ఉందా? నాస్తి, నహీ, నో, అన్నీ 'న'తోనే మొదలవుతున్నాయి.

పాతపుస్తకం | ఉదయం 10:20

ఉంది, నిజంగానే ఉంది. ఈసారి కథ కాదు.

పాత ఇంగ్లీషులో 'నే' అంటే లేదు, కాదు. 'ఆ' అంటే ఎప్పుడూ. రెండూ కలిసి 'నా', అంటే ఎప్పటికీ కాదు. అదే మారి మారి నో అయింది. అంటే మొదట్లో నో మామూలు కాదు కంటే గట్టి మాట. వాడగా వాడగా గట్టిదనం అరిగిపోయింది. ఇప్పుడు గట్టిగా చెప్పాలంటే మళ్లీ ఒక 'ప్' కావాల్సి వచ్చిందని సరదాగా అనుకోవచ్చు.

నెవర్, నన్, నార్ అన్నీ ఇలా 'నే' ముందు చేరి పుట్టినవే. నన్ అంటే నే + ఒకటి, ఒక్కటీ కాదు అని.

ఈ 'నే', సంస్కృతం 'న', హిందీ 'నహీ'లోని 'న', లాటిన్ 'నే', అన్నీ ఒకే మూలం నుంచి వచ్చిన అన్నదమ్ములు. సంస్కృతంలో న + అస్తి = నాస్తి ఎలా అయిందో అక్కడా పద్ధతి అదే. ఇంగ్లీషులో మాట ముందు వచ్చే 'అన్', మన అన్యాయం, అనర్హతల్లోని 'అ', 'అన్' కూడా ఈ కుటుంబమే. నాకు బాగా నచ్చే జోడీ వేరే ఉంది. సంస్కృత వ్యాకరణంలో మగ కానిది న + పుంసకం, నపుంసకం. లాటిన్‌లో నే + ఉటర్, రెండింటిలో ఏదీ కాదు. అదే ఇంగ్లీషుకు న్యూటర్‌గా వచ్చింది. రెండు దేశాల పండితులూ మూడో లింగానికి పేరు పెట్టాల్సి వచ్చి 'కాదు' అనే మాటతోనే పెట్టారు.

మన కాదు, లేదు మాత్రం ఆ ఇంటివి కావు. అవి ద్రావిడం. ఆ సంగతి భాషాపిచ్చి గారు చెప్తే బాగుంటుంది.

ఆదిలాబాద్ చలి | ఉదయం 11:05

మా దగ్గర మరాఠీ ఇంటి పక్కనే ఉంటుంది. వాళ్లు వద్దు అనడానికి 'నకో' అంటారు, లేదు అనడానికి 'నాహీ'. చిన్నప్పుడు మరాఠీ దోస్తు ఇంటికి పోతే వాళ్లమ్మ లడ్డూ పెట్టింది. మర్యాదకు వద్దందామని నాకు వచ్చిన ఒకే ఒక్క మాట "నాహీ" అన్నా. లడ్డూ లేదంటున్నాడేమోనని ఆమె ఇంకోటి వేసింది. నష్టం లేదనుకోండి.

మండీబజార్ మిర్చి | ఉదయం 11:32

ఆ నకోనే మా వరంగల్ దక్కనీ ఉర్దూలో 'నక్కో'. ఢిల్లీ ఉర్దూవాళ్లకు వింటేనే నవ్వు. హోటల్లో "చాయ్ హోనా?" అంటే "నక్కో". "చాయ్ హై?" అంటే "నై". చాయ్ నాకొద్దు ఒకటి, చాయ్ లేదు ఇంకొకటి. ఈ రెండూ కలపకూడదని మరాఠీ, దక్కనీ, తెలుగు మూడూ ఒప్పుకున్నాయి. ఇంగ్లీషు ఒక్కటే నోతో సరిపెట్టుకుంది.

భాషాపిచ్చి | మధ్యాహ్నం 1:40

భోజనం చేసి కూర్చున్నా, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా.

అవును, కాదు రెండూ ఒకే క్రియ. అవు అంటే కావడం. అవుతుంది అంటే అవును, అవదు అంటే కాదు. "ఇది పుల్లారెడ్డి ఇల్లా?" అంటే "కాదు", ఒక వస్తువు మరొకటి అవునా కాదా అని తేల్చే మాట.

లేదు వేరే. అది ఉనికి సంగతి. ఇప్పుడు ఉంది, లేదు అంటున్నాం గానీ పాత జోడీ కలదు, లేదు. పోతన గజేంద్రుడి నోట అనిపించిన "కలడో లేడో" గుర్తుందా? దేవుడి మీద అనుమానం అంతా ఆ జోడీలోనే ఉంది. అదే ఇంగ్లీషులోకి మార్చాలంటే ఒక నాట్ తెచ్చి మధ్యలో ఇరికించాలి. మనకు లేడు అనేది సొంత కాళ్ల మీద నిలబడే క్రియ.

వద్దు మూడోది. పాత రూపం వలదు. వలయు అంటే కోరుకోవడం, అక్కరపడటం. దానికి ఎదురు వలదు, అది నలిగి వద్దు అయింది, వరంగల్, కరీంనగర్ నోట్లో అద్దు అయింది. కావాలిని విప్పి చూడండి: కా + వలె. అవును తాలూకు 'కా', వద్దు తాలూకు 'వల' రెండూ అందులో దాక్కొని ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా తెలుగు రాస్తున్నా, ఇది గమనించింది మాత్రం పోయిన ఏడాదే.

ఇవి కాక తినను, తినవు, తినడు అని క్రియను పట్టుకొనే కాదనే పద్ధతి ఉండనే ఉంది. ప్రత్యేకంగా ఒక మాట పెట్టక్కరలేదు.

జనగాం పోరడు | మధ్యాహ్నం 1:52

పోతన మా జనగాం జిల్లా బమ్మెర. చెప్పాలి కదా!

మోడరేటర్ | మధ్యాహ్నం 2:00

ఒంటిమిట్ట వాళ్లు వచ్చేలోపే చెప్తున్నా. పోతన ఊరి గురించి పాత దారం ఉంది, 140 జవాబులు. అక్కడ కొట్టుకోండి. ఇక్కడ నోప్.

కాజీపేట జంక్షన్ | సాయంత్రం 6:25

నవ్వుకున్నా గానీ, నో వల్ల నాకు జరిగిన నష్టం వింటే నవ్వరు. మొదటి ఉద్యోగం రోజులు. ఒక కంపెనీలో ఎంపికయ్యా. ఆఫర్ లెటర్ మెయిల్‌లో వస్తుందన్నారు. వారం గడిచింది, రాలేదు. అక్కడి నుంచి ఒక మేడమ్ ఫోన్ చేసి ఇంగ్లీషులో అడిగింది: ఆఫర్ లెటర్ మీకు ఇంకా రాలేదా అని. నేను లేచి నిలబడి మరీ "యెస్ మేడమ్" అన్నా. "ఓ, గుడ్" అని పెట్టేసింది.

నా ఉద్దేశం, అవును మేడమ్, మీరన్నది నిజమే, రాలేదు అని. ఆమెకు అర్థమైంది, వచ్చింది అని. పదకొండు రోజులు స్టేషన్ ముందు చాయ్ తాగుతూ ఎదురుచూశా. తర్వాత ఒక సీనియర్ చెప్తే తెలిసింది, అక్కడ నో అనాల్సిందట. రాలేదా అంటే నో అనడమేంటి, ఆమె చెప్పింది తప్పన్నట్టు ఉండదూ? ఇప్పటికీ ఫోన్లో అలాంటి ప్రశ్న వస్తే టెన్షన్. పూర్తి వాక్యం చెప్పేస్తా.

పాతపుస్తకం | రాత్రి 8:50

జంక్షన్ గారూ, మీ తికమక మీద ఇంగ్లండులో పెద్ద పెద్దవాళ్లే కొట్టుకున్నారు. వినండి.

ఒకప్పుడు ఇంగ్లీషులో జవాబు మాటలు రెండు కాదు, నాలుగు. ప్రశ్న మామూలుగా ఉంటే, "రైలు వచ్చిందా?" అంటే, వస్తే 'యే', రాకపోతే 'నే' (పొద్దున చెప్పిన పాత ఇంగ్లీషు 'నే' కాదు, ఇది వేరే మాట). ప్రశ్నలోనే లేదు ఉంటే, "రైలు రాలేదా?" అంటే, వస్తే 'యెస్', రాకపోతే 'నో'. అంటే యెస్ అన్న మాట పుట్టిందే "అలా అనకు, వచ్చింది" అని ఎదురు చెప్పడానికి. ఫ్రెంచిలో 'సి', జర్మన్‌లో 'డోఖ్' ఇప్పటికీ ఆ పని చేస్తున్నాయి. కాబట్టి మీరు ఆరువందల ఏళ్ల కింద ఆ మేడమ్‌కు యెస్ అన్నా మీ లెటర్ వచ్చినట్టే లెక్క. ఏ కాలంలోనూ మీరు గెలిచేవారు కాదు.

ఆ 'నే' అనేది నోకు సవతి తమ్ముడు. ఉత్తర, తూర్పు ఇంగ్లండులో వైకింగులు స్థిరపడ్డారు కదా, వాళ్ల నార్స్ భాషలో 'నేయ్', అంటే కాదు + ఎప్పుడూ. నోను కట్టిన పద్ధతే. బయటి నుంచి వచ్చిన మాట, లోపల ఉన్న మాట ఒకే ఇంట్లో చేరి పని పంచుకున్నాయి.

16వ శతాబ్దానికి ఈ పంపకం సడలిపోతోంది. విలియం టిండేల్ 1526లో కొత్త నిబంధనను ఇంగ్లీషులో అచ్చు వేయించాడు. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో నువ్వు ప్రవక్తవా అని బాప్తిస్మమిచ్చే యోహానును అడిగితే ఆయన కాదంటాడు. టిండేల్ అక్కడ నో అని రాశాడు. మామూలు ప్రశ్న కాబట్టి 'నే' ఉండాలి. అప్పటి పెద్ద పండితుడు థామస్ మోర్‌కు ఇది కంటబడింది. ఇద్దరి మధ్యా మతం మీద పెద్ద యుద్ధం నడుస్తోంది, అందులో 1532 నాటి జవాబు పుస్తకంలో దీన్నీ లాగాడు. నో ఎక్కడ, నే ఎక్కడ అన్న తేడా కూడా తెలియనివాడు బైబిలు తెనిగిస్తాడా అన్న ధోరణి. తెనిగించడం అన్నది నా నోటి అలవాటు, మన్నించండి, ఇంగ్లీషులోకి అని చదువుకోండి.

అసలు మజా ఏంటంటే, నియమం వివరించే వాక్యంలో మోర్ తానే తిరగేసి చెప్పాడు. కింద ఇచ్చిన ఉదాహరణలు మాత్రం సరిగ్గానే ఉన్నాయి. తప్పు పట్టడానికి కూర్చొని తప్పు రాశాడన్నమాట. ఆ గొడవ మాటలతో ఆగలేదు పాపం. 1535లో మోర్ తల తీయించాడు ఎనిమిదో హెన్రీ. 1536లో బ్రస్సెల్స్ దగ్గర టిండేల్‌ను గొంతు బిగించి చంపి తగలబెట్టారు. నో, నే వల్ల కాదులెండి. ఆ తర్వాత నే, యే పాతపడిపోయాయి. అమెరికా చట్టసభ ఓట్ల లెక్కలో ఇంకా బతికే ఉన్నాయి.

మండీబజార్ మిర్చి | రాత్రి 9:04

రాజులకేంటి, నక్కో అనకుండా నరికేస్తారు.

పెద్దమ్మ 62 | రాత్రి 9:30

మరి మనకు ఆ తిప్పలు ఎందుకు లేవు? "రైలు రాలేదా" అంటే మనం అవును అనం, కాదు అనం. "రాలే" అంటం. "తిన్నవా" అంటే "తిన్న". క్రియనే తిరిగి చెప్తే అయిపాయె. జంక్షన్ బాబు ఆ మేడమ్‌కు తెలుగులో జవాబు చెప్తే పదకొండు రోజులు మిగిలేవి.

భాషాపిచ్చి | రాత్రి 9:44

పెద్దమ్మా, లాటిన్‌లోనూ ఎక్కువగా అదే పద్ధతి, అడిగిన క్రియతోనే జవాబు. అయితే మనకూ ఒక బొక్క ఉంది. ఆ "ఆఁ" ఉందే, దాంతోనే వస్తుంది చిక్కు.

హన్మకొండ బాపు | మూడో రోజు రాత్రి 9:55

భాషాపిచ్చి గారు ఆ మాట అన్నాక ఇవాళ ఇంట్లో పరీక్ష పెట్టా. అందరినీ ఒకటే ప్రశ్న అడిగా, "అన్నం తినలేదా?" అని.

మా ఆవిడ: "తినలే". సాఫ్ జవాబు. బావమరిది వచ్చి ఉన్నాడు, ఎల్‌ఐసీలో పనిచేస్తాడు: "లేదు బావా, తిన్నా", ఇది కూడా సాఫే. బిడ్డ: "నోప్". ఏ నోప్ అని అడిగితే, తినలేదు నాన్నా, ఇంకేం నోప్ ఉంటది అంది. పాతపుస్తకం గారి లెక్కలో నో సరిగ్గా వాడిందని చెప్తే, మోర్ ఎవరు అని అడిగి చివరిదాకా విన్నది. తల తీయించిన దగ్గర "ఒక్క మాట కోసమా" అని కళ్లు పెద్దవి చేసింది. మతం కోసం అని సర్దిచెప్పా.

అమ్మను చివర్న అడిగా. సీరియల్ చూస్తోంది. "అమ్మా, అన్నం తినలేదా?"

"ఆఁ" అన్నది, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

తిన్నదనా, తినలేదనా? మళ్లీ అడిగితే తిడుతుంది. ప్లేటు చేత్తో పట్టుకొని పావుగంట నుంచి నిలబడే ఉన్నా. ఒక చేత్తో ఇది రాస్తున్నా.